క్యూ పట్టిన చేతికి కుదురైన మనసే తోడు

* పూల్, స్నూకర్ ఆటలలో ప్రతిభ ఎంత? సాధన ఎంత?
* అంతర్జాతీయ క్రీడాకారుల అనుభవాలు చెబుతున్నదేమిటి?
* గంట సమయాన్ని సద్వినియోగం చేసుకునే విధానం

సాయంత్రమైతే చాలు, పట్టణాలలోని స్నూకర్ పార్లర్లలో ఆకుపచ్చని టేబుళ్ల చుట్టూ యువకులు చేరుతున్నారు. ఒకరు వరుసగా అయిదారు బంతులను పాకెట్లలోకి పంపితే 'వాడికి పుట్టుకతోనే వచ్చింది' అంటారు. మరొకరు చేతికందిన సులువైన బంతిని తప్పితే 'ఈ రోజు మూడ్ బాగాలేదు' అంటారు. ఆరు నెలలుగా ఆడుతున్నా ఆట మెరుగుపడని వానిని చూసి 'ప్రాక్టీసు చాలలేదు' అని తేల్చేస్తారు. ఈ మూడు మాటలలోనూ కొంత నిజముంది. అయితే ఏ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోకపోవడం వల్ల నష్టపోతున్నవారు తక్కువేమీ కాదు.

'నా వల్ల కాదు' అనుకుని మూడు నెలలకే క్యూ పక్కన పెట్టేసే విద్యార్థి, 'నాకు పుట్టుకతోనే వచ్చు' అనుకుని పందేలకు దిగి జేబు ఖాళీ చేసుకునే విద్యార్థి... చూడటానికి ఇద్దరూ వేర్వేరు. కానీ ఇద్దరినీ దెబ్బతీస్తున్న అపోహ ఒక్కటే. ఆట అనేది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు అన్న భావనే అది. ఈ ఆటలో శిఖరాలు చేరిన వారి జీవితాలు, శాస్త్రజ్ఞుల పరిశీలనలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి.

మన నేలపై పుట్టిన ఆట

పూల్, స్నూకర్, బిలియర్డ్స్ ఒకే కుటుంబానికి చెందిన ఆటలు. మూడింటిలోనూ ఒక బంతిని క్యూతో కొట్టి, దాని ద్వారా మిగతా బంతులను కదిలించాలి. వీటిలో స్నూకర్ జన్మస్థలం మన దేశమే. 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ బ్రిటిష్ అధికారి దీనికి రూపమిచ్చారు. ఆ తర్వాత ఊటీ క్లబ్‌లో దీని నియమాలు స్థిరపడ్డాయి.

మన దేశానికి క్రీడలలో తొలి వ్యక్తిగత ప్రపంచ టైటిల్ వచ్చింది కూడా ఈ కుటుంబం నుంచే. 1958లో కోల్‌కతాలో జరిగిన ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ పోటీలో విల్సన్ జోన్స్ విజేతగా నిలిచారు. 1984లో ఓం అగర్వాల్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ విజేత అయ్యారు. 1992లో గీత్ సేథీ ప్రపంచ ప్రొఫెషనల్ బిలియర్డ్స్ పోటీలో ఒకే విడతలో 1,276 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 2009లో అంతర్జాతీయ అమెచ్యూర్ స్నూకర్ ప్రపంచ పోటీలకు మన హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. ఇంగ్లండ్‌కు చెందిన ఆల్ఫీ బర్డెన్ అప్పుడు విజేత. కనుక ఇది ఎక్కడో విదేశాలలో, ధనికుల క్లబ్బులలో మాత్రమే ఆడే ఆట అనుకోవలసిన పని లేదు.

పొరపాటుకు చోటెంత?

ప్రతిభ, సాధన, మనసు అనే మూడింటిని తూచే ముందు ఈ ఆట ఎంత సూక్ష్మమైనదో గ్రహించాలి. పూల్ బంతి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. పోటీలలో వాడే టేబుల్‌పై మూల పాకెట్ నోరు సుమారు 11.5 సెంటీమీటర్లు. అంటే రెండు బంతులు పక్కపక్కన పెడితే సరిపోయేంత. చూడటానికి అది విశాలంగానే కనిపిస్తుంది.

లెక్క వేస్తే అసలు కథ బయటపడుతుంది. తెల్ల బంతికి ఒక మీటరు దూరంలో మరో బంతి, దానికి మరో మీటరు దూరంలో పాకెట్, మూడూ ఒకే సరళరేఖలో ఉన్నాయనుకుందాం. ఆటలో ఇంతకన్నా తిన్ననైన షాట్ ఉండదు. ఆ షాట్‌లో తెల్ల బంతి కేవలం ఒక్క డిగ్రీ పక్కకు పోతే రెండో బంతి సుమారు 17 డిగ్రీల పక్కకు పోతుంది. గుండ్రని బంతి మరో గుండ్రని బంతిని తాకేటప్పుడు చిన్న తేడా పెద్దదిగా మారడమే దీనికి కారణం. ఫలితంగా పాకెట్ దగ్గరకు చేరేసరికి ఆ బంతి దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు దూరం తప్పిపోతుంది. బంతి పాకెట్‌లో పడాలంటే తెల్ల బంతి దిశలో పొరపాటు ఒక డిగ్రీలో పదో వంతు మించరాదు.

ఇంత సన్నని హద్దులో చేయి వందసార్లు ఒకే తీరున కదలాలి. అలా కదలడాన్ని ఏ బిడ్డా తల్లి కడుపులో నేర్చుకుని రాడు. అదే సమయంలో, ఎంత నేర్చిన చేయైనా మనసు బెదిరితే ఆ పదో వంతు డిగ్రీ దాటడానికి క్షణం పట్టదు. ఈ ఆట స్వభావమంతా ఈ రెండు వాక్యాలలోనే ఉంది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలంటారు. పూల్ ప్రపంచంలో ఈ సామెతకు చక్కగా సరిపోయే పేరు ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్. అభిమానులు ఆయనను 'మాంత్రికుడు' అని పిలుస్తారు. అమెరికన్లు కాని వారెవ్వరూ అంతవరకు గెలవని యూఎస్ ఓపెన్ టైటిల్‌ను ఆయన 1994లో గెలిచారు. 1999లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ప్రపంచ నైన్‌బాల్ విజేతగా నిలిచారు. బంతి ఇతర బంతుల వెనుక దాగిపోయినప్పుడు కుషన్లకు కొట్టి, తిప్పి తెచ్చి తాకించే ఆయన షాట్లను చూసినవారు అది దైవదత్తమనే అనుకుంటారు.

అయితే ఆయన బాల్యం సంగతి చూడాలి. 1954లో పాంపాంగా రాష్ట్రంలో పుట్టిన రేయెస్‌ను అయిదేళ్ల ప్రాయంలో మనీలాలో పూల్ హాల్ నడిపే మామయ్య దగ్గరకు పంపారు. పగలు అక్కడ పనులు చేస్తూ పెద్దల ఆటను చూసేవాడు. రాత్రి ఆ టేబుల్ పైనే నిద్రపోయేవాడు. టేబుల్ అందని ఎత్తు కావడంతో శీతల పానీయాల సీసాల పెట్టెలపై నిలబడి ఆడటం నేర్చుకున్నాడు. నలభై ఏళ్ల వయసులో ప్రపంచం చూసిన 'మంత్రం' వెనుక ముప్పై అయిదేళ్ల చూపు, చేత ఉన్నాయన్న మాట.

అమెరికాకు చెందిన విల్లీ మాస్కోని కథ కూడా ఇటువంటిదే. 1941 నుంచి 1957 మధ్య 15 సార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఆయన తండ్రి ఫిలడెల్ఫియాలో పూల్ హాల్ నడిపేవారు. కొడుకు ఈ ఆటలో పడటం ఇష్టం లేక బంతులను, క్యూలను దాచిపెట్టేవారు. ఆ పిల్లవాడు వంటింటి బంగాళాదుంపలను బంతులుగా, చీపురు కర్రను క్యూగా చేసుకుని రాత్రిళ్లు రహస్యంగా ఆడుకునేవాడు. ఆరేళ్ల వయసులోనే నాటి మేటి క్రీడాకారుడు రాల్ఫ్ గ్రీన్‌లీఫ్‌తో ప్రదర్శన ఆటలో తలపడ్డాడు. అది ప్రతిభ కాదని ఎవరంటారు? కానీ ఆ ప్రతిభ కనిపించిన మొదటి రూపం నేర్పు కాదు, ఆకలి. వద్దన్నా ఆడాలనే ఆకలి.

స్నూకర్‌లో ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన రోనీ ఓసలివాన్ పదేళ్లకే వంద దాటిన బ్రేక్ సాధించారు. పదిహేనేళ్లకు, 1991లో, గరిష్ఠమైన 147 పాయింట్ల బ్రేక్ చేశారు. 1997 ప్రపంచ పోటీలలో అదే 147ను అయిదు నిమిషాలకు కాస్త పైగా సమయంలో ముగించిన ఘనత ఆయనది. కుడిచేతి వాటం ఆటగాడైనా ఎడమ చేతితోనూ అంతర్జాతీయ స్థాయిలో ఆడగల నేర్పు ఆయన సొంతం. చేతి స్థిరత్వం, దూరాన్ని కొలవగల చూపు, లయ వంటివి కొందరికి ఇతరులకన్నా త్వరగా అబ్బుతాయనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. అయినా పిల్లవాడుగా ఉన్నప్పుడే ఇంటిలో పూర్తి కొలతల టేబుల్ ఏర్పాటు చేసిన తండ్రి ఆయనకు ఉన్నాడన్న సంగతి మరువరాదు.

త్వరగా అబ్బడం అన్నది ఎంత తేడా తెస్తుందో చదరంగంపై జరిగిన ఒక అధ్యయనం తెలిపింది. ఫెర్నాండ్ గోబె, గిల్లెర్మో కంపితెల్లి అనే పరిశోధకులు 2007లో దానిని ప్రచురించారు. మాస్టర్ స్థాయి చేరడానికి ఒక ఆటగానికి సుమారు 3 వేల గంటల సాధన సరిపోగా, మరొకరికి 23 వేల గంటలకు పైగా పట్టింది. దీనిని రెండు విధాలుగా చదువుకోవచ్చు. ఒకటి, అందరి నడకా ఒకే వేగంతో సాగదు. రెండు, నిదానంగా నడిచినవాడు కూడా ఆ మెట్టు ఎక్కాడు. ప్రతిభ దారి పొడవును నిర్ణయిస్తుందే తప్ప దారిని మూసివేయదని దీని సారాంశం.

గంటలు లెక్కపెడితే సాధన కాదు

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న మాట బాగా ప్రచారంలో ఉంది. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై చేసిన పరిశీలన దీనికి మూలం. ఇరవై ఏళ్లు వచ్చేసరికి అత్యుత్తమ విద్యార్థుల సాధన సగటున పదివేల గంటలు దాటిందని ఆ బృందం గుర్తించింది. అది సగటు మాత్రమేననీ, గంటల సంఖ్య దానంతటదే ఎవరినీ నిపుణుని చేయదనీ ఎరిక్సన్ తర్వాత స్పష్టం చేశారు. లోపాన్ని గుర్తించి, దానినే లక్ష్యంగా పెట్టుకుని, ఫలితాన్ని సరిచూసుకుంటూ చేసేదే ఆయన దృష్టిలో సాధన.

2014లో మరో ముగ్గురు పరిశోధకులు అంతకుముందు జరిగిన 88 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. చదరంగం వంటి ఆటలలో వ్యక్తుల మధ్య కనిపించే తేడాలో 26 శాతాన్ని, సంగీతంలో 21 శాతాన్ని, క్రీడలలో 18 శాతాన్ని మాత్రమే ఇటువంటి సాధన వివరించగలిగింది. సాధన అనవసరమని దీని అర్థం కాదు. సాధన లేకుండా పైకి వచ్చినవారు ఉన్నారనీ కాదు. సాధనతోపాటు వయసు, గురువు, దేహస్వభావం, మనోస్థితి వంటివి కూడా తమ వంతు పని చేస్తాయని మాత్రమే అర్థం.

పార్లర్లలో తరచూ జరుగుతున్నది ఆట మాత్రమే, సాధన కాదు. ఇద్దరు మిత్రులు గంటసేపు గేములు ఆడితే ఒక్కొక్కరు టేబుల్ వద్ద ఉండేది అరగంటే. ఆ అరగంటలోనూ ఒకే రకమైన షాట్ రెండోసారి రావడం అరుదు. తప్పిన షాట్‌ను మళ్లీ ఆడి చూసే అవకాశం ఉండదు. పైగా చేతనైన షాట్లనే ఎంచుకుని చేతకాని వాటిని దాటవేయడం మానవ సహజం. ఇలా ఏళ్ల తరబడి ఆడినా ఉన్న తప్పు మరింత గట్టిపడుతుందే గానీ పోదు. మొక్కై వంగనిది మానై వంగదన్న సంగతి ఇక్కడ కూడా వర్తిస్తుంది. చివరకు ఆడలేక మద్దెల ఓడన్నట్లు క్యూ వంకర అనీ, టేబుల్ వాలుగా ఉందనీ చెప్పుకోవడమే మిగులుతుంది.

పట్టుదలకు ఉదాహరణగా మాస్కోని రికార్డునే చెప్పుకోవచ్చు. 1954లో ఒక ప్రదర్శనలో ఆయన ఒక్కటి కూడా తప్పకుండా వరుసగా 526 బంతులను పాకెట్లలో వేశారు. ఆ సంఖ్యను దాటడానికి 65 ఏళ్లు పట్టింది. అమెరికాకే చెందిన జాన్ ష్మిట్ నెలల తరబడి అదే పనిగా ప్రయత్నించి, లెక్కలేనన్ని విడతలలో విఫలమై, 2019లో 626 బంతులు వేయగలిగారు. 2022లో స్కాట్లండ్‌కు చెందిన జేసన్ షా దానిని 714కు పెంచారు. ప్రతి విఫల ప్రయత్నం తర్వాత మళ్లీ మొదటి బంతి నుంచి ప్రారంభించడమే ఆ రికార్డుల వెనుక ఉన్న అసలు పని.

ఒక్క నల్ల బంతి నేర్పిన పాఠం

ప్రతిభ, సాధన రెండూ నిండుగా ఉన్నా చివరి క్షణంలో ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్‌ను గుర్తు చేసుకోవాలి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో అది జరిగింది. అప్పటికే మూడుసార్లు విజేత, ప్రపంచ నంబర్ వన్ అయిన స్టీవ్ డేవిస్ ఒకవైపు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డెన్నిస్ టేలర్ మరోవైపు. 18 ఫ్రేములు ముందుగా గెలిచినవారే విజేత. డేవిస్ తొలి 8 ఫ్రేములు వరుసగా గెలిచారు. అంతా అయిపోయిందనుకున్న ఆటను టేలర్ ఒక్కొక్క ఫ్రేమే తీస్తూ 17-17 వరకు తెచ్చారు.

చివరి ఫ్రేములో డేవిస్ 62, టేలర్ 44. టేబుల్‌పై మిగిలినవి గోధుమ, నీలం, గులాబీ, నల్ల బంతులు నాలుగే. గెలవాలంటే టేలర్ ఆ నాలుగింటినీ వేయాలి. మొదటి మూడింటినీ వేశారు. అర్ధరాత్రి దాటింది. బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చుని ఉన్నారు. మిగిలిన నల్ల బంతి కోసం ఇద్దరూ ప్రయత్నించి తప్పారు. చివరకు డేవిస్‌కు పాకెట్ దగ్గరలోనే పలుచగా తాకించవలసిన షాట్ దొరికింది. సాధన బల్లపై ఆయన ఎన్నోసార్లు వేసిన తరహా షాట్ అది. ఆయన మరీ పలుచగా తాకించారు. బంతి పాకెట్‌లో పడలేదు. తర్వాతి షాట్‌లో టేలర్ దానిని వేసి, రెండు రోజుల పోటీలో మొదటిసారిగా ఆధిక్యంలోకి వచ్చి, ఆ ఒక్క బంతితోనే ప్రపంచ విజేత అయ్యారు.

డేవిస్‌కు ఆట రాక కాదు, చేత తగ్గీ కాదు. ఆ క్షణపు బరువు చేతిపై పడింది. ఒక డిగ్రీలో పదో వంతు హద్దు గల ఆటలో ఆ బరువు చాలు. అయితే డేవిస్ అక్కడితో ఆగిపోలేదు. 1987, 1988, 1989 సంవత్సరాలలో వరుసగా మళ్లీ ప్రపంచ విజేత అయ్యారు. ఒక ఓటమి మనిషి ప్రతిభపై తీర్పు కాదని ఆయన చాటారు.

1990లలో ఏడుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన స్టీఫెన్ హెండ్రీకి ఎదురైన కష్టం మరో రకం. ఆట జీవితం చివరి ఏళ్లలో క్యూను సాఫీగా ముందుకు నెట్టడానికి చేయి సహకరించకపోయేదని ఆయనే వెల్లడించారు. వేలాదిసార్లు అలవోకగా జరిగిన కదలికే భారమైపోయింది. 2012లో ఆయన ఆట నుంచి విరమించారు. విచిత్రమేమంటే అదే ఏడాది ప్రపంచ పోటీలలో ఆయన 147 బ్రేక్ కూడా సాధించారు. నేర్పు ఎక్కడికీ పోలేదు. అది ప్రతిసారీ బయటకు రావడమే మానేసింది.

ఆలోచన ఎక్కువైతే చేయి తడబడుతుంది

ఇలా ఎందుకు జరుగుతుందన్న దానిపై అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సియాన్ బైలాక్ బృందం 2002లో ఆసక్తికరమైన ఫలితాలను ప్రకటించింది. అనుభవజ్ఞులైన గోల్ఫ్ క్రీడాకారులను తమ చేతి కదలికపైనే దృష్టి పెట్టి ఆడమన్నప్పుడు వారి ఆట దెబ్బతిన్నది. ధ్యాసను వేరే చిన్న పనిపైకి మళ్లించినప్పుడు బాగానే ఆడారు. ఫుట్‌బాల్‌తో జరిపిన పరీక్షలో కొత్తగా నేర్చుకునేవారి విషయంలో ఇది తలకిందులైంది. కదలికపై దృష్టి పెడితేనే వారు మెరుగ్గా ఆడారు.

సైకిల్ తొక్కడం వచ్చినవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. నేర్చుకునేటప్పుడు ప్రతి కదలికనూ గమనించక తప్పదు. వచ్చిన తర్వాత 'కాలు ఎలా కదులుతోంది' అని ఆలోచిస్తూ తొక్కితే బండి ఊగుతుంది. గెలుపు ముంగిట నిలిచిన ఆటగాడు భయంతో సరిగ్గా ఈ పనే చేస్తాడు. చేతికి అప్పగించిన పనిని మెదడు తిరిగి లాక్కుంటుంది. అక్కడే షాట్ తప్పుతుంది.

చూపు కుదురుకూ మనసు కుదురుకూ ఉన్న సంబంధాన్ని కూడా పరిశోధకులు కొలిచారు. 2002లో బిలియర్డ్స్ ఆటగాళ్లపై విలియమ్స్, సింగర్, ఫ్రెలిచ్ అనే ముగ్గురు జరిపిన అధ్యయనంలో, షాట్ కొట్టే ముందు నిపుణుల చూపు లక్ష్యంపై ఎక్కువసేపు నిలకడగా ఉంటున్నట్లు తేలింది. సఫలమైన షాట్లలో ఆ నిలకడ సమయం ఎక్కువగాను, తప్పిన షాట్లలో తక్కువగాను నమోదైంది. చూపు అటూఇటూ పరుగెత్తుతున్నదంటే మనసు ఇంకా నిర్ణయానికి రాలేదనే అర్థం.

మనసును కూడా సాధనతో మలచుకోవచ్చని ఓసలివాన్ జీవితం చూపుతోంది. ఎంత ప్రతిభ ఉన్నా మానసిక కుంగుబాటుతో ఆయన ఏళ్ల తరబడి బాధపడ్డారు. 2011 నుంచి స్టీవ్ పీటర్స్ అనే మానసిక వైద్యుని సహాయం తీసుకున్నారు. అప్పటివరకు మూడు ప్రపంచ టైటిళ్లు ఉన్న ఆయన ఆ తర్వాత 2012, 2013, 2020, 2022లలో మరో నాలుగు గెలిచారు. వాటిలో చివరిది 46 ఏళ్ల వయసులో సాధించినది.

మన పంకజ్ అద్వానీ ఆటలోనూ ఇదే కుదురు కనిపిస్తుంది. అన్న వెంట స్నూకర్ పార్లర్‌కు వెళ్లి ఆటపై మక్కువ పెంచుకున్న ఆయన, బెంగళూరులో మాజీ జాతీయ విజేత అరవింద్ సావూర్ వద్ద శిక్షణ పొందారు. 2003లో 18 ఏళ్లకే ప్రపంచ స్నూకర్ టైటిల్ గెలిచారు. 2024 నవంబరు నాటికి ఆయన ప్రపంచ టైటిళ్ల సంఖ్య 28. ఆయన అన్న శ్రీ అద్వానీ క్రీడా మనస్తత్వ నిపుణులు. ఒకే కుటుంబంలో ఒకరు ఆటను, మరొకరు ఆట వెనుక మనసును వృత్తిగా ఎంచుకోవడం గమనార్హం.

గంట సమయం ఉంటే ఏమి చేయాలి?

పార్లర్లలో టేబుల్‌కు గంటల లెక్కన డబ్బు చెల్లించాలి. సామాన్య కుటుంబాల విద్యార్థులకు వారానికి రెండు మూడు గంటలు దొరకడమే ఎక్కువ. ఆ కొద్ది సమయాన్నే సాధనగా మలచుకునే పద్ధతులు ఉన్నాయి.

* మొదటి 20 నిమిషాలు: తెల్ల బంతి, మరో బంతి, పాకెట్ ఒకే రేఖలో ఉండేలా పెట్టి తిన్నని షాట్లు మాత్రమే ఆడాలి. పది ప్రయత్నాలలో ఎన్ని పడ్డాయో చిన్న నోటు పుస్తకంలో రాసుకోవాలి. బంతి ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే లోపం చేతి కదలికలోనో, నిలబడే తీరులోనో ఉందని తెలుస్తుంది.

* తర్వాతి 20 నిమిషాలు: గత వారం తప్పిన ఒకే ఒక్క రకం షాట్‌ను ఎంచుకుని మళ్లీమళ్లీ ఆడాలి. బంతి పడటంతోపాటు తెల్ల బంతి ఎక్కడ ఆగాలో ముందే అనుకుని కొట్టాలి. తర్వాతి బంతికి దారి చూపేది అదే.

* చివరి 20 నిమిషాలు: మిత్రునితో గేమ్ ఆడాలి. పోటీ ఒత్తిడిలో నేర్చినది ఎంత నిలుస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

టేబుల్ దొరకని రోజున ఇంటిలోనే చేయదగిన అభ్యాసం ఒకటి ఉంది. ఖాళీ సీసాను బల్లపై కదలకుండా పడుకోబెట్టి, దాని మూతి అంచులకు తగలకుండా క్యూను లోపలికి, వెలుపలికి కదిలించాలి. క్యూ లేకపోతే నున్నని సన్నకర్ర చాలు. రోజుకు పది నిమిషాలు చేసినా చేయి తిన్నగా సాగడం అలవడుతుంది.

మనసు విషయంలో శిక్షకులు చెప్పే సూత్రం చిన్నదే. నిలబడి ఉన్నప్పుడే ఆలోచించాలి, వంగిన తర్వాత ఆలోచించరాదు. ఏ బంతి, ఏ పాకెట్, ఎంత వేగం అన్నవి టేబుల్‌కు వెనుక నిలబడి నిర్ణయించుకోవాలి. క్యూకు చాక్ రాసుకుని, ఒక నిదానమైన శ్వాస తీసుకుని, ఆ తర్వాతే వంగాలి. వంగాక సందేహం కలిగితే అలాగే కొట్టకుండా లేచి నిలబడి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ క్రమాన్ని సులువైన షాట్‌కూ, కష్టమైన షాట్‌కూ ఒకే విధంగా పాటించాలి. అప్పుడు చివరి నల్ల బంతి ఎదురైనా శరీరం దానిని రోజూ ఆడే షాట్‌గానే గుర్తిస్తుంది.

పందెం చేసే కీడు

కొన్నిచోట్ల పార్లర్ ఆట పందేలకు దారి తీయడం తల్లిదండ్రుల ఆందోళనకు కారణం. అది సమంజసమైన ఆందోళనే. పందెం వల్ల డబ్బు నష్టం ఒక్కటే కాదు, ఆట కూడా నష్టపోతుంది. డబ్బు పోతుందన్న భయంతో ఆడేవాడు కొత్త షాట్ ప్రయత్నించడు. తప్పును గమనించి సరిదిద్దుకోవడానికి బదులు పోయిన సొమ్మును రాబట్టే తొందరలో పడతాడు. నేర్చుకునే దశలో ఉన్న మనసుకు ఇంతకన్నా చేటు మరొకటి లేదు. గెలిచినవాడికీ మేలు జరగదు. తన కంటే బలహీనులనే వెతుక్కుని ఆడటం అలవాటై అతని ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది.

అలాగని ఆటనే నిషేధించడం పరిష్కారం కాదు. గీత్ సేథీకి, పంకజ్ అద్వానీకి దేశ అత్యున్నత క్రీడా పురస్కారమైన ఖేల్‌రత్న దక్కింది. 1998 నుంచి 2010 వరకు ఆసియా క్రీడలలో ఈ ఆటలకు చోటు లభించింది. 2006 దోహాలో, 2010 గ్వాంగ్‌జౌలో అద్వానీ బిలియర్డ్స్ స్వర్ణాలు సాధించారు. పిల్లలు ఎవరితో, ఎంతసేపు, ఎలా ఆడుతున్నారో తెలుసుకోవడం, పందెం లేని చోటుకే పంపడం, నోటు పుస్తకంలో వారు రాసుకున్న లెక్కను నెలకొకసారి చూడటం పెద్దలు చేయదగిన పనులు. నెల క్రితం పదింటికి మూడు పడిన చోట ఇప్పుడు అయిదు పడుతుంటే, ప్రతిభ ఉందా లేదా అన్న ప్రశ్నతో పని లేదు. ఆ పిల్లవాడు నేర్చుకుంటున్నాడు.

సహజ ప్రతిభ ఎంత ఉండాలన్నది మన చేతిలో లేదు. సాధన మన చేతిలో ఉంది. మనసును కుదురుగా ఉంచుకోవడం కూడా, కొంత ఆలస్యంగానైనా, సాధనతోనే వస్తుంది. కాబట్టి మూడు నెలల ఆట చూసి 'నాకు రాదు' అని క్యూ పక్కన పెట్టడం తొందరపాటే అవుతుంది. మూడు గేములు గెలిచి 'నాకు అన్నీ వచ్చు' అనుకోవడం కూడా అంతే తొందరపాటు.